మేకుల టైర్ల మీద పెళ్ళికూతురు

గన్‌వోర్ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ సంగతి యైలో అనే ఆ కొండ ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళు కొండదారుల్లో బస్సు నడిపి రిటైరైన మనిషి. తన కారు చక్రాల మీద పరాయి చెయ్యి పడనిచ్చేది కాదు. అక్టోబరు రాగానే ఊరంతా వేసవి చక్రాలు విప్పి మంచు మీద జారకుండా మేకులు పొదిగిన చలికాలపు చక్రాలు బిగించుకుంటుంటే, "ఉత్త తారు రోడ్డు మీద మేకుల టైర్లు అరగదీసుకోవడానికి నాకేమైనా పిచ్చా?" అంటూ మొదటి మంచు పడేదాకా ఆగేది. ఈసారీ ఆగింది. ఆగి ఆగి, నవంబరులో సరిగ్గా తన పెళ్ళికి ముందు రోజు బిగించుకుంది.

అవును, పెళ్ళే. అరవై రెండేళ్ళ వయసులో, విడాకులైన పాతికేళ్ళకి. వరుడు తోర్గైర్. పీఠభూమికి అవతల, సముద్రపు పాయ ఒడ్డున ఆపిల్ తోటలున్న ఆసామి. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. ఆమె ఇంకా బస్సు నడిపే రోజుల్లో ప్రతి ఆదివారం అతను ఆ బస్సే ఎక్కి కొండ దాటి ఇవతలికి వచ్చి, కాఫీ తాగి, అదే బస్సులో తిరిగి వెళ్ళిపోయేవాడు. ఇవతల అతనికి పనేమీ లేదని గ్రహించడానికి గన్‌వోర్‌కి ఒక చలికాలమంతా పట్టింది. తెలివైనదే, కానీ తన విషయంలో మాత్రం కాస్త మందం.

"నేనొచ్చి చక్రాలు మార్చనా?" అని తోర్గైర్ ముందే అడిగాడు. ఆమె ఫోన్లోనే కయ్యిమంది.

"చక్రాలు మార్చుకోవడం చేతకాక పెళ్ళి చేసుకుంటున్నాననుకున్నావా?"

అతను మాటలు ఖర్చుపెట్టే మనిషి కాదు.

అక్క ఆస్లాగ్ అపార్ట్‌మెంటు కింద నేల వెచ్చగా ఉండే గరాజు ఒకటుంది. ఆస్లాగ్ దాని గురించి చెప్పుకోని రోజు లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ అక్కడ చొక్కా చేతులు పైకి మడుచుకుని, మధ్య మధ్య కాఫీ తాగుతూ, చిన్నప్పటి పాటలు పాడుకుంటూ నాలుగు చక్రాలూ మార్చారు. గన్‌వోర్ బోల్టులు బిగించి, మీటరు పెట్టి, కారు పుస్తకంలో రాసినంతే గాలి పట్టింది. ఆ రాత్రి కారు కూడా పెళ్ళివారి బిడ్డలా వెచ్చగా పడుకుంది.

తెల్లారేసరికి పీఠభూమి మీద గాలి లేచింది. దారికి అడ్డంగా గేటు వేసేశారు. ఇక ఎవరి దారిన వాళ్ళు పోవడానికి లేదు. మంచు తోసే లారీ ముందు నడుస్తుంటే, బండ్లన్నీ దాని వెనక ఒకదాని తోక ఒకటి పట్టుకుని దాటాలి. అవతలి గుంపును ఇవతలికి తెచ్చి దింపి, ఇవతలి గుంపును తీసుకుపోతుంది లారీ. పెళ్ళి రెండు గంటలకి, అవతలి ఊరి పురపాలక భవనంలో, మేయరు చేతుల మీదుగా.

"ఇటునుంచి ఇదే ఆఖరు గుంపు. దీని తర్వాత గేటు తెరిచేది రేపే" అన్నాడు గేటు కాసే కేతిల్. అతను నలభై దాటినవాడే అయినా, ఒకప్పుడు గన్‌వోర్ బస్సులో బడికి వెళ్ళినవాడు. అందుకని ఆమె ముందు ఇప్పటికీ కాస్త వంగే ఉంటాడు.

గేటు ముందు వరసలో ఉన్నవాళ్ళకి పెళ్ళి కబురు అందడానికి ఎంతసేపు? గన్‌వోర్ దళసరి కోటు కింద వెండి బిళ్ళలు కుట్టిన పండగ దుస్తుల్లో ఉంది. ముందు సీట్లో ఆస్లాగ్ ఒళ్ళో బాదంపిండి వలయాలు గోపురంలా పేర్చిన పెళ్ళి కేకు ఉంది. ఇంకేం, ముందు కారువాళ్ళు నారింజలు తెచ్చి ఇచ్చారు. వెనక కారువాళ్ళు చాక్లెట్టు ఇచ్చారు. అందరూ అద్దం దింపించి, "వరుడు పారిపోడు కదా?" అని అడగడం, పకపకా నవ్వడం.

"ఆయన పారిపోడు గానీ, ఈవిడ సంగతే నాకు అనుమానం" అంది ఆస్లాగ్.

సరదాకి అన్న మాటే. తథాస్తు దేవతలు ఆ గాలిలో కూడా తిరుగుతుంటారు కాబోలు. వరస ముందుకు జరుగుతుంటే గన్‌వోర్ కూడా కారును కాస్త ముందుకు పోనిచ్చింది. ఎదురుగా గుర్రపు లాడం ఆకారంలో పసుపు దీపం టింగుమంటూ వెలిగింది. చక్రాల్లో గాలి తక్కువగా ఉందని దాని భావం.

సరిగ్గా అప్పుడే కేతిల్ వచ్చాడు. ప్రతి బండిలోనూ పార ఉందా, వెచ్చటి బట్టలున్నాయా అని చూసుకుంటూ వస్తున్నాడు. లోపలికి తొంగిచూసి మొహం ముడుచుకున్నాడు.

"గన్‌వోరమ్మా, ఆ దీపం..."

"కనబడుతోందిలే, నాకు కళ్ళున్నాయి."

"అది వెలుగుతుండగా మిమ్మల్ని పైకి పంపలేనమ్మా. మధ్యలో మీ బండి ఆగిందంటే వెనకున్న వాళ్ళంతా ఆ మంచులో ఆగిపోతారు."

"నాకు నేర్పుతున్నావట్రా? ముక్కు తుడుచుకోవడం కూడా రాని రోజుల్నించీ నిన్ను బడికి మోసినదాన్ని!"

"అందుకేగా బతిమాలుతున్నా" అని కేతిల్ జారుకున్నాడు.

గన్‌వోర్ కోటు బిగించుకుని దిగింది. గాలి చెంపలు వాయించింది. నాలుగు చక్రాలూ తన్ని చూసింది. మేకు దిగలేదు, చీలిక లేదు. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అక్కా, ఇది శకునం. వెనక్కి తిప్పేస్తా."

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ పాడు మాటలెందుకే ఇప్పుడు?"

"పాతికేళ్ళు ఒక్కదాన్నే బతికాను. ఇంకో మనిషితో ఇంట్లో ఎలా ఉండాలో మర్చిపోయాను. పొద్దున లేచి ఆయన కాఫీ నేను కలపాలా, నా కాఫీ ఆయన కలుపుతాడా? అదీ తెలీదు నాకు."

"ఎవరు ముందు లేస్తే వాళ్ళు కలుపుతారు. దానికి కూడా శకునం చూస్తావా?"

గన్‌వోర్ వినలేదు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. వచ్చిన క్షణంలో తోర్గైర్‌కి ఫోన్ చేసింది. "చక్రాల దీపం వెలిగింది. పైకి పంపనంటున్నారు. నేను రావడం లేదు" అని ఒక్క గుక్కలో అనేసింది.

అతను "సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అంతే! బతిమాలతాడేమో, కోప్పడతాడేమో అనుకుంది. తనకి ఆ మనిషి ఎంత కావాలో, ఆ ఒక్క ముక్క విన్నాకే ఆమెకి తెలిసింది. పక్కన ఆస్లాగ్ నారింజ తొనలు ఒలుస్తూ, "తిక్క కుదిరిందా?" అన్నట్టు చూసింది.

మళ్ళీ ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే అసలు కలవనే లేదు.

"ఇంతకీ నాలుగింట్లో ఏ చక్రమే పోయింది?" అంది ఆస్లాగ్.

"నాలుగూ తక్కువే చూపిస్తున్నాయి."

"నాలుగూ ఒక్కసారే ఎలా పోతాయే? మాట్లాడుకుని పోయాయా?"

గన్‌వోర్ ఒక్కసారిగా నుదురు కొట్టుకుంది. వెచ్చటి గరాజు! చొక్కా చేతులు మడుచుకుని, పాటలు పాడుకుంటూ గాలి పట్టిన గరాజు! ఆ వెచ్చదనంలో పుస్తకంలో రాసినంత పట్టిన గాలి, ఈ గడ్డకట్టే చలిలో ముడుచుకుపోదూ? చక్రాలకి ఏ జబ్బూ లేదు. లోపలి సెన్సర్లు ఉన్న మాటే చెప్పాయి. బస్సు డిపోలో కొత్త డ్రైవర్లకి ప్రతి ఏడూ ఈ పాఠం చెప్పింది తనే. "చక్రం చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలర్రా, గాడిదల్లారా" అని అరిచిందీ తనే.

చెప్పగానే ఆస్లాగ్ కేకు కదిలిపోయేలా నవ్వింది.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట!"

"నీ గరాజు వల్లే!"

"నా గరాజునంటే ఊరుకోను. అది నిన్ను పాడమందా?"

గన్‌వోర్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కేతిల్‌ని కేకేసి విషయం చెప్పింది. మంచు తోసే లారీకి గాలిగొట్టం ఉంటుందని, రాగానే పట్టిస్తే వెళ్ళొచ్చని అతను అన్నాడు. చక్రాల బెడద తీరింది. కానీ అవతల మనిషి ఏమనుకుంటున్నాడు? అతిథుల్ని పంపేశాడా? దుస్తులు విప్పేసి తోటలోకి వెళ్ళిపోయాడా? ఆమె గేటు వైపే చూస్తూ కూర్చుంది. నారింజ ముట్టలేదు.

చాలాసేపటికి తెల్లటి దుమ్ములోంచి లారీ దీపాలు కనిపించాయి. దాని వెనక అవతలి గుంపు ఒక్కొక్క బండే గేటు దాటింది. అన్నిటికన్నా వెనక, ఆపిల్ బుట్టలు మోసి మోసి సొట్టలు పడ్డ పాత ఆకుపచ్చ వ్యాను.

తోర్గైర్ దిగాడు. పెళ్ళి బట్టల్లోనే ఉన్నాడు. అక్కడి సంప్రదాయంలో మోకాళ్ళ దాకా పొట్టి లాగు, తెల్లటి మేజోళ్ళు, వెండి గుండీలు. కోటు వేసుకోవడం మర్చిపోయాడు. గన్‌వోర్ కారు తలుపు తీసి పరుగెత్తింది.

"పిచ్చెక్కిందా నీకు? ఈ చలిలో కోటు లేకుండానా?"

"నువ్వు రానన్నావుగా."

"మరి సరే అన్నావే! ఒక్క మాటైనా అడిగావా? ప్రాణం పోయింది నాకు!"

"ఫోన్లో బతిమాలితే వినే రకమా నువ్వు? ఈ గుంపు దాటిపోతే మళ్ళీ దారి లేదు. మాటలెందుకని బయల్దేరా."

గన్‌వోర్ అతని వెండి గుండీల మీది మంచు దులిపింది. దులుపుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"దీపం వంకేనయ్యా. నాకు భయమేసింది."

"నాకూ వేసింది. పొద్దున్నించీ ఆపిల్ చెట్లతో మాట్లాడుతున్నా."

"నువ్వు మాట్లాడావా? చెట్లు జడుసుకుని ఉంటాయి" అని కారులోంచి ఆస్లాగ్ అరిచింది.

లారీ డ్రైవరు గాలిగొట్టం లాక్కొచ్చాడు. గన్‌వోర్ వెండి బిళ్ళల పావడా ఎగదోపుకుని మంచులో మోకాళ్ళ మీద కూర్చుంది. తోర్గైర్ ఆమె కోటు కప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆ చక్రాల జోలికి వెళ్ళకూడదని అతనికి తెలుసు. వరసలో జనమంతా అద్దాలు దింపి చూస్తున్నారు. మీటరు చూసుకుంటూ ఆమె ముందు చక్రం ఒకటి నింపింది, రెండోదీ నింపింది. లేచి నిలబడింది. కాసేపు గొట్టం వైపు చూసింది. తర్వాత దాన్ని అతని చేతిలో పెట్టింది.

"వెనక రెండూ నువ్వు పట్టు. మీటరు చూసి పట్టు, ఆపిల్ బుట్ట నింపినట్టు అంచనాకి కొట్టకు."

తోర్గైర్ ఆ గొట్టాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఆస్లాగ్ కేకు ఒళ్ళో పెట్టుకునే కిటికీలోంచి సగం బయటికి వచ్చింది. వరసంతా వినబడేలా గొంతు చించుకుంది.

"ఒరే కేతిల్! సాక్షిని నేనే, ఏ కాగితమైనా పట్రా, ఇక్కడే సంతకం పెట్టేస్తా! చక్రాలు ముట్టుకోనిచ్చింది! ఇంక మేయరెందుకు, పెళ్ళి అయిపోయింది!"