మా దగ్గర తెరుచుకుంటోంది

ఆఫీసులో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. తాళం సార్ అంటారు. ఆసుపత్రి ఉద్యోగుల పదోన్నతి పరీక్షలకు పాఠాలు తయారుచేసే వెబ్‌సైటు వాళ్లది. పాఠాల ఫైళ్లు సభ్యులకు మాత్రమే దిగాలి, దారిన పోయేవాళ్లకు దిగకూడదు. ఆ కాపలా ఏర్పాటంతా అతనే చూస్తాడు. పన్నెండేళ్లుగా ఫైళ్లకు తాళాలు వేసీ వేసీ, మనుషులు రెండే రకాలని తేల్చేశాడు. తాళం వేయగలిగినవాళ్లు ఒక రకం, తాళంచెవి చేతిలో పెట్టినా తలుపు తీసుకోలేనివాళ్లు రెండో రకం. మొదటి రకంలో తను కాక ఇంకెవరున్నారో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

సభ్యులంటే అతనికి ఒళ్లుమంట. ఫైలు రావట్లేదని రాస్తారు, ఏ ఫైలో రాయరు. ఒకాయన ఫోనులో కనిపించేది ఫొటో తీసి పంపితే అందులో తెర కన్నా ఆయన బొటనవేలే పెద్దగా పడింది. ఇంకొకావిడ, నిన్న రాలేదు, ఇవాళా రాలేదు, రేపైనా వస్తుందా అని అడిగింది, బస్సు గురించి అడిగినట్టు. ఇవన్నీ భోజనాల బల్ల దగ్గర గొంతు మార్చి చదివి అందరినీ నవ్వించేవాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఫోను వాడటం చేతకాక మన సైటు మీద పడతారు," అనేవాడు చివర్లో. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తానా అంటే తందానా అనేవాళ్లు.

ఫిర్యాదు మూసెయ్యాలంటే ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. "మా దగ్గర తెరిచి చూశాం, తెరుచుకుంటోంది" అన్న గడిలో టిక్కు పెట్టాలి. ఈ పద్ధతి యజమాని కనిపెట్టాడు. ఆయన తెలివి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మర్యాద. జబ్బు తగ్గిందా లేదా అని కాక, రోగి బయటికి వెళ్లాడా లేదా అని చూసే రకం. వారం తిరిగేసరికి మూసిన ఫిర్యాదుల పట్టికలో తాళం సార్ అందరికన్నా పైన ఉండేవాడు.

మూడు వారాల కిందట అతను ఫైళ్లన్నిటినీ కొత్త వెబ్ చిరునామాకు మార్చాడు. మార్చేటప్పుడు అక్కడ తన పేరుతో ఒకసారి లాగిన్ అయ్యాడు. తన కుర్చీలో కూర్చుని, తన కంప్యూటర్లో, తన పేరు మీదే ఒక పాఠం నొక్కి చూశాడు. గంతేసి దిగింది. ఇంకేం, పని అయిపోయింది. సొంతింటికి తాళం వేసి, లోపలే నిలబడి తలుపు బాగానే ఉందనుకునేవాణ్ణి ఏమంటారో ఆ మాట ఇక్కడ రాయను.

మర్నాటి నుంచి ఫిర్యాదులు ముసురుకున్నాయి. అందరిదీ ఒకటే గోల. ఫైలు దిగుతోంది, తెరిస్తే పాడైపోయిందని వస్తోంది. అతను తన దగ్గర నొక్కి చూడటం, టిక్కు పెట్టడం, జవాబు పంపడం. "మీ బ్రౌజర్ చరిత్ర చెరిపి మళ్లీ ప్రయత్నించండి." గురివింద గింజకు తన కింద నలుపు కనబడదంటారు. ఈయనకు గింజ మొత్తం కనబడలేదు.

ఆ ఫిర్యాదు చేసినవాళ్లలో అతని సొంత అక్క కూడా ఉంది. పంతొమ్మిదేళ్లుగా పెద్దాసుపత్రిలో ఆయాగా చేస్తోంది. వార్డు సూపర్‌వైజర్ పరీక్షకు ఆవిడ పేరు వచ్చింది. నలభై అయిదు దాటితే రాయనివ్వరు. ఇంకో రెండు నెలల్లో దాటుతుంది. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిదీ. తమ ఆఫీసు ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే సభ్యత్వంలో ఆవిడను చేర్పించింది తమ్ముడే. ఆ సంగతి ఆవిడ వార్డంతా చెప్పుకుంది.

"దిగింది గానీ తెరుచుకోవట్లేదురా," అంది మొదటిరోజు ఫోన్లో.

"ఇక్కడ తెరుచుకుంటోందక్కా. నా కళ్ల ముందే ఉంది, మొదటి పేజీ చదివి వినిపించనా?"

నిజంగానే రెండు వాక్యాలు చదివి వినిపించాడు. చరిత్ర చెరపమన్నాడు. ఆవిడ ఏది చెరపాలో తెలియక ఫొటోలన్నీ చెరిపేసుకుంది. రెండోసారి ఫోన్ చేసినప్పుడు, "నీ ఫోను కాదక్కా, నీ వేళ్లే తేడా," అన్నాడు. నాలుగోసారి ఆవిడ కాస్త మొహమాటపడుతూ, "పోనీ ఆ ఒక్కటీ నువ్వే పంపరాదురా?" అని అడిగింది.

"అలా పంపితే నువ్వెప్పుడు నేర్చుకుంటావు?"

పంపితే అర నిమిషం పని. కానీ తాళం వేసినవాడే దొడ్డిదారి చూపిస్తే పరువేం కావాలి? నోట్లో నాలుక లేని మనిషి, సరేలే అంది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. అక్కకు మొత్తానికి పట్టుబడినట్టుందని అతను సంతోషించాడు కూడా.

ఆదివారం పరీక్ష అనగా శనివారం భోజనానికి అక్క ఇంటికి వెళ్లాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని, "ఎంతవరకూ చదివావు?" అన్నాడు.

"ఎక్కడరా, అది తెరుచుకుంటేగా."

"అయ్యో రాత! ఇలా ఇవ్వు."

ఆవిడకు పాఠం చెబుదామని ఫోను లాక్కున్నాడు. నొక్కాడు. ఫైలు దిగింది. తెరిచాడు. పాడైపోయిందని వచ్చింది. మళ్లీ నొక్కాడు. అదే. నవ్వి, ఆవిడ పేరు తీసేసి తన పేరుతో, అన్ని తలుపులూ తీసే తన పేరుతో లాగిన్ అయి నొక్కాడు. తాళం సార్‌కు కూడా పాడైపోయిందనే వచ్చింది. అప్పుడు నవ్వు ఆగింది.

లాప్‌టాప్ తీసి కంచాల పక్కనే పెట్టుకున్నాడు. సభ్యులు సైటులో లాగిన్ అయిన గుర్తు కొత్త చిరునామా దాకా వెళ్లడమే లేదు. అక్కడి కాపలాకు వాళ్లంతా దారినపోయే దానయ్యలు. అందుకని పాఠానికి బదులు లాగిన్ పేజీని ఫైలులా చుట్టి చేతిలో పెడుతోంది. దాన్ని పాఠం అనుకుని తెరిస్తే పాడైపోయిందనక ఏమంటుంది? తన కంప్యూటర్లో మాత్రం, మార్చిన రోజున పడిన గుర్తు అలాగే ఉండిపోయింది. ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చాలి. ఎనిమిది నిమిషాల్లో మార్చేశాడు. మూడు వారాలు పట్టింది, ఆ ఎనిమిది నిమిషాలు కూర్చోవడానికి.

"ఇదిగో, ఇప్పుడు చూడు," అని ఫోను అక్క చేతికిచ్చాడు. పాఠం నిండుగా తెరుచుకుంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వేలితో పైకి, కిందికి జరిపి చూసింది.

"అక్షరాలు ఎంత బాగున్నాయిరా!"

"ఇంకా బోలెడు టైముంది. ముఖ్యమైనవి నేను గుర్తుపెట్టి ఇస్తాను. సాయంత్రందాకా ఇక్కడే ఉంటాను."

"రేపు నాకు డ్యూటీ ఉందిరా. పరీక్షకు వెళ్లనని నిన్ననే రాసిచ్చేశాను. లిస్టులో నా వెనకున్నావిడకు నా చోటు ఇచ్చేశారు."

"రాసిచ్చావా? ఎందుకు?"

"సూపర్‌వైజరంటే అన్నీ కంప్యూటర్లోనే రాయాలటగా. చదువుకునే కాగితమే తెరుచుకోవడం చేతకానిదాన్ని, ముప్పై మంచాల సంగతి నేనెక్కడ రాస్తాను?"

కోపంగా అనలేదు. తన చెప్పుల సైజు ఎంతో చెప్పినంత మామూలుగా అంది. అతను పన్నెండేళ్లలో ఏ సభ్యుడితోనూ అనని మాట అక్కతో అన్నాడు.

"తప్పు నీది కాదక్కా. నాదే. మూడు వారాలుగా ఒక్కరికి కూడా తెరుచుకోలేదు. నేనే సరిగ్గా చూడలేదు."

ఆవిడ అతని వైపు చూసి, తల మీద చెయ్యి వేసి నవ్వింది.

"నా మనసు కష్టపడుతుందని అలా అంటున్నావు. నీ పనిలో నువ్వు తప్పు చేస్తావా? నా కోసం నీ మీద వేసుకోకు."

"ఒట్టు అక్కా! అబద్ధం కాదు."

"సరేలేరా."

నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అతను లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పి, తను మూసేసిన ఫిర్యాదులు చూపించాడు. నూట అరవై మూడు. ఒకదాని కింద ఒకటి, అందరూ ఒకటే మాట రాశారు. ఆవిడ ఓపిగ్గా, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివింది.

"అయ్యో పాపం," అంది, "నాలాంటి తెలివితక్కువ వాళ్లు ఇంతమంది ఉన్నారా! వీళ్లందరితో ఎలా వేగుతున్నావురా?"

అని కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది.