నోనా ఉన్న చోటు

డైవింగ్ నేర్చుకుంటానని డింకా చెప్పినప్పుడు వాళ్ళ నాన్న విట్స్కో రేవు గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

“మనం నీళ్ళ మీద బతికేవాళ్ళం. అడుగున ఏముందో చూడ్డానికి టూరిస్టులున్నారు,” అన్నాడు.

“వాళ్ళని అడుక్కి తీసికెళ్ళి మళ్ళీ పైకి తెచ్చేవాళ్ళు ఉండాలిగా నాన్నా! అదే నా ఉద్యోగం అవుతుంది.”

“ఎవరు నేర్పిస్తారట?”

“రెనాట. తనే పిలిచింది. ఫీజు వద్దంది. వేసవంతా పని చేస్తే గైడ్‌ని చేస్తానంది.”

విట్స్కో వలలోంచి సూది బయటికి లాగాడు. “ఊరికే పిలిచిందా?” అని మాత్రం అడిగాడు. డింకా ఆ మాట పట్టించుకోలేదు.

గ్రనావిత్సా రేవులో రెనాట అంటే తెలియనివాళ్ళు లేరు. ఆమె ఈ దీవి మనిషే. చిన్న వయసులోనే రియెకా ఓడరేవుకి వెళ్ళి, ఓడల అడుగున మునిగి వెల్డింగ్ చేసే మగవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పని చేసి వచ్చింది. వచ్చాక పాత సార్డీన్ గిడ్డంగి కొని డైవింగ్ కేంద్రం పెట్టింది. రెండు భుజాల మీద రెండు సిలిండర్లు పెట్టుకుని ఆమె రేవు మెట్లెక్కుతుంటే, చిన్నప్పటి డింకా ఐస్‌క్రీమ్ కరిగి చేతుల మీద కారుతున్నా చూస్తూ నిలబడిపోయేది.

మొదటి రోజు డింకా కొత్త ఈతదుస్తులు వేసుకుని వెళ్ళింది. రెనాట ఆమె చేతిలో బకెట్టూ బ్రష్షూ పెట్టింది.

“ఇవి జర్మన్లు నిన్న తొడుక్కున్న డైవింగ్ సూట్లు. సగం మంది వాటిలోనే ఉచ్చ పోస్తారు. బాగా ఉతుకు.”

“నీళ్ళలోకి ఎప్పుడు దిగుతాం అక్కా?”

“కంపు పోయాక.”

మే నెలంతా అదే తంతు. సూట్లు ఉతకడం, కంప్రెసర్ దగ్గర చెవులు పోయేలా సిలిండర్లలో గాలి నింపడం, మునగడానికి నడుముకి కట్టుకునే సీసం దిమ్మలు పడవలోకి మోయడం, పడవ కడగడం. డింకా అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా సాయంత్రం ఒక గంట రెనాట పూర్తిగా ఆమెకే. అఖాతంలో ఇసుక నేల మీద ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చునేవారు. మాస్క్ తీసి మళ్ళీ పెట్టుకోవడం, ఊపిరితో పైకీ కిందికీ తేలడం, కంగారు పడ్డవాణ్ణి వెనక నుంచి పట్టుకోవడం, అన్నీ నేర్పింది. ఒకే గాలిగొట్టాన్ని ఇద్దరూ మార్చి మార్చి పీల్చే పాఠం రోజున డింకా భయపడింది. రెనాట ఆమె భుజం పట్టుకుని, రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించింది. నన్నే చూడు. డింకా ఆ కళ్ళనే చూసింది. భయం పోయింది.

“నా దగ్గర నేర్చుకున్న మగాళ్ళు కూడా ఇంత నిబ్బరంగా ఉండలేదే పిల్లా,” అంది రెనాట పైకి వచ్చాక. డింకాకి ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.

జూలై వచ్చేసరికి ఆమె టూరిస్టుల గుంపు వెనకాల తోక కాపలాగా ఈదుతోంది. ఒకరోజు పడవ తుడుస్తుంటే రెనాట సిగరెట్ వెలిగించి అంది:

“చివర్లో నీకో పరీక్ష ఉంటుంది. నాకు తెలియని చోటికి నువ్వు నన్ను తీసికెళ్ళాలి. దారి నీదే, బాధ్యత నీదే. నేను నీ టూరిస్టుని.”

“నీకు తెలియని చోటు ఈ దీవి చుట్టూ ఎక్కడుందక్కా?”

“జాలరి కూతురివి. నన్నడుగుతావా?”

డింకా పడవ తుడుస్తూనే ఉంది. అలాంటి చోటు ఒకటి ఆమెకు తెలుసు. నాన్న చెప్పాడు, ఆమెకు మాత్రమే. సెయింట్ నికోలా చర్చి గంటగోపురం పగిలిన కొండ భుజం మీద కూర్చున్నట్టు కనపడాలి. అదే సమయంలో లైట్‌హౌస్ తల మాత్రం సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొస వెనక నుంచి తొంగి చూడాలి. ఆ రెండూ కలిసిన చోట నీళ్ళ కింద ఒక రాతి గుట్ట ఉంది. దాని పగుళ్ళలో కిర్న్యాలుంటాయి, మనిషంత పొడవు పెరిగే రాతి చేపలు. అన్నిటికంటే పెద్దదాన్ని విట్స్కో ‘నోనా’ అనేవాడు. అంటే నానమ్మ.

ఒకసారి అది ఆయన గాలానికి పడింది. పడవ పక్కకి లాక్కొచ్చాడు. “మా అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి ఇంతసేపు ఎక్కడ తిరిగావురా అని చూసేది చూడు, అచ్చం అలా చూసింది,” అని చెప్పేవాడు. గాలం తీయబోతే పైపెదవి చీలింది. వదిలేశాడు. ఆ తర్వాత అక్కడ మళ్ళీ గాలం వేయలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. చేపలు దొరకని చలికాలాల్లో కూడా.

డింకా వారం రోజులు తర్జనభర్జన పడింది. చివరికి రెనాటతో అంది: “ఒక చోటుంది. కానీ నువ్వు ఎవరికీ చెప్పకూడదు. ఎవర్నీ తీసికెళ్ళకూడదు.”

“నా తల్లి సమాధి మీద ఒట్టు,” అంది రెనాట.

ఇద్దరే వెళ్ళారు. గోపురం కొండ భుజం మీదికి రాగానే డింకా లంగరు వేసింది. కిందికి దిగేకొద్దీ నీలం చిక్కబడింది. గుట్ట కనపడింది. పగుళ్ళలోంచి ఒకటొకటిగా గోధుమరంగు మొహాలు బయటికొచ్చాయి. ఆఖర్న నోనా వచ్చింది. చీలిన పెదవితో, బరువైన చెంపలతో, తొందర లేకుండా. వాళ్ళిద్దరి ముందు చేయి చాస్తే అందేంత దూరంలో ఆగి, మొదట డింకాని, తర్వాత రెనాటని చూసింది. వేటగాళ్ళెవరో తెలియని చేప.

పడవెక్కాక రెనాట మాస్క్ తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సముద్రపు నీళ్ళ వల్ల కాదు.

“నువ్వు పాసయ్యావే పిల్లా,” అంది. “ఇంక ఒక చిన్న పరీక్ష, అంతే. టూరిస్టుల ముందు.”

ఆగస్టులో ప్రథమ చికిత్స శిక్షణకి డింకాని స్ప్లిట్ నగరానికి పంపింది రెనాట. అక్కడ ఆమె ప్లాస్టిక్ బొమ్మల గుండెలు నొక్కి, రబ్బరు నోళ్ళలోకి ఊది, ఫెర్రీలో తిరిగొచ్చింది. రేవులో దిగగానే గిడ్డంగి పక్కనున్న లూసె అత్త భోజనశాల నుంచి కేకలు, గ్లాసుల చప్పుడు.

“రా రా! సమయానికొచ్చావ్!” రెనాట చేయి ఊపింది.

ద్రాక్షపందిరి కింద బల్ల చుట్టూ ఎండకి ఎర్రబడ్డ నలుగురు ఆస్ట్రియన్లు. మధ్యలో పెద్ద రాగి కుండ. లూసె అత్త డింకా ముందు పళ్ళెం పెట్టి, మొక్కజొన్న పిండితో చేసిన పొలెంటా మీద చేపల పులుసు పోసింది. ఫెర్రీలో ఏమీ తినలేదేమో, డింకా ఆవురావురుమంటూ తింది. చేప ముక్క వెన్నలా కరిగింది.

“తల మా డింకాకి!” అంది రెనాట. “రేపటి నుంచి తను గైడ్!”

లూసె అత్త గరిటెతో కుండలోంచి తల పైకెత్తింది. టమాటా పులుసు కారిపోగానే పైపెదవి కనపడింది. చీలి, పాత గాయం మానిన మచ్చతో.

డింకా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆస్ట్రియన్లలో ఒకడు హుషారుగా లేచి, రెండు చేతులతో ఈటె తుపాకీ పట్టుకున్నట్టు పట్టి, “ఫుమ్!” అన్నాడు. ఆ తర్వాత వేలు నోటికి పెట్టి, సిలిండర్ గాలి పీల్చినట్టు చేసి, కన్ను కొట్టాడు. సిలిండర్ పెట్టుకుని చేపని వేటాడటం నేరమని అక్కడ అందరికీ తెలుసు. అందరూ నవ్వారు.

డింకా లేచి గిడ్డంగి వెనక్కి వెళ్ళి కక్కింది. రెనాట నీళ్ళ గ్లాసుతో వచ్చింది.

“తాగు.”

“ఒట్టేశావు.”

“వేశాను.”

“మీ అమ్మ సమాధి మీద!”

“మా అమ్మ ఏమీ అనుకోదులే. నాకంటే గడసరి.” రెనాట గోడకి ఆనుకుంది. “విను. ఈ నలుగురికి వియన్నాలో డైవింగ్ క్లబ్బుంది. చలికాలంలో కూడా మనుషుల్ని పంపుతారు. చలికాలంలో ఈ రేవు మొహం చూశావుగా, కుక్క కూడా రాదు. వాళ్ళు అడిగింది ఒక్కటే, పెద్ద చేప. అది ముసలిది. నేడో రేపో ఎలాగూ చచ్చేదే.”

“మిగతావి?”

రెనాట ఆస్ట్రియన్ల నవ్వులు వినపడే వైపు చూసింది. అదే జవాబు.

“ఆ రోజు ఏడ్చావు,” అంది డింకా. “దొంగ ఏడుపా?”

“కాదు. నిజంగానే ఏడ్చాను. దానికీ దీనికీ ఏం సంబంధం?”

డింకాకి అప్పుడు తెలిసొచ్చింది. నెమ్మదిగా, నీళ్ళు పడవలోకి ఎక్కినట్టు. “ఫీజు లేకుండా నన్నెందుకు పిలిచావు?”

రెనాట అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

“విట్స్కోకి ఒక చోటుందని ఊరంతా అనుకునేదే. ఎన్నో చలికాలాలు వెతికాను, దొరకలేదు. ఆయన రాయి. నువ్వు...” ఆగింది. “కానీ నువ్వు నిజంగా మంచి డైవర్‌వి. అది మాత్రం నేను ఊహించలేదు. రేపు పొద్దున్నే రా. ఆ చిన్న పరీక్ష పెట్టి నిన్ను పాస్ చేస్తాను. ఇచ్చిన మాట తప్పను.”

డింకా ఆ మాటకి నవ్వబోయింది. నవ్వు రాలేదు. గ్లాసు తీసుకుని నీళ్ళు నేల మీద పారబోసి, ఖాళీ గ్లాసు రెనాట చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నేరుగా రేవు అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫ్యాన్ కింద చెమట తుడుచుకుంటూ ఓపిగ్గానే విన్నాడు.

“సరే. చేప ఏది?”

“తినేశారు.”

“ఈటెలు?”

“పడవలో చూడండి.”

“ఈపాటికి ఉంటాయా తల్లీ? ఎవరెవరు తిన్నారు?”

“వాళ్ళు. రెనాట. లూసె అత్త. నేనూ తిన్నాను. నాకు తెలీదు.”

“ఇంకేం మరి, సాక్ష్యాన్ని మీరే తినేశారు,” అన్నాడాయన, వెటకారంగా కాదు, అలసటగా. ఒక మనిషిని పంపాడు. పడవ కడిగి ఆరబెట్టి ఉంది. సాయంత్రానికి రేవంతా డింకాని ఓరచూపు చూసింది. “నేర్పినదాని మీదే ఫిర్యాదా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే,” అంది లూసె అత్త, వినపడేలా.

విట్స్కో ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని టమాటాలు కోస్తున్నాడు. డింకా ఎదురుగా నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, “నోనాని చంపేశారు నాన్నా,” అంది.

కత్తి ఆగింది.

“నేనే చూపించాను.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఆ రోజు నువ్వు ఇంటికొచ్చినప్పుడు నీ జుట్టు తడి ఆరలేదు, కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎక్కడికెళ్ళావో అర్థమైంది. అడుగుదామనుకున్నాను. అంత సంతోషంగా ఉన్నదాన్ని ఏమడుగుతాం?”

“తిట్టు నాన్నా. ఒక్కసారి తిట్టు.”

“దేనికే? చెప్పడమే తప్పయితే, ముందు చెప్పినవాణ్ణి నేను. నువ్వు నీ మనిషనుకుని చెప్పావు. నేనూ అంతే.” ఆయన కత్తి పక్కన పెట్టాడు. కళ్ళు తుడుచుకోలేదు, కానీ టమాటాలు మళ్ళీ ముట్టుకోలేదు. “అది నా పడవని గుర్తుపట్టేదనుకునేవాణ్ణి. పిచ్చి. మనుషుల్ని చూసి బయటికొచ్చిందా?”

“వచ్చింది. మా ఇద్దర్నీ చూసింది.”

“అందుకే సులువైంది వాళ్ళకి,” అన్నాడు విట్స్కో.

మర్నాడు డింకా పరీక్షకి వెళ్ళలేదు. రెనాట మనిషిని పంపింది, వెళ్ళలేదు. తర్వాత రెనాటే వచ్చి వీధిలో నిలబడి, “మొండితనం చేసి బంగారంలాంటి పని పాడుచేసుకోకే!” అని పిలిచింది. విట్స్కో బయటికి వచ్చి ఏమీ అనకుండా తలుపు మూశాడు. డింకా లోపల కూర్చుని ఆ గొంతు వింది. ఆ గొంతు అంటే ఇంకా ఇష్టంగానే ఉండటం ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. ఆస్ట్రియన్ల మనుషులు చలికాలంలో వచ్చారు. రెనాట గిడ్డంగికి కొత్త రంగు వేయించింది.

వసంతంలో డింకా జదార్ పట్నం వెళ్ళింది. అక్కడ యెరోలిమ్ అనే ముసలి డైవింగ్ శిక్షకుడు ఇంటర్న్ కోసం వెతుకుతున్నాడని విని వెళ్ళి అడిగింది. ఆయన ఆమెను నీళ్ళలోకి దింపి చూశాడు. పైకొచ్చాక బట్టతల గోక్కున్నాడు.

“నీకు ఎవరో బాగా నేర్పారు. ఎవరు?”

“మా దీవిలో ఒకామె.”

“మరి అక్కడే పూర్తి చేయలేదేం?”

“కుదరలేదు.”

ఆయన ఇంకా గుచ్చి అడగలేదు. మంచివాడిలాగే ఉన్నాడు. కాఫీ పోసిచ్చాడు, తన మనవరాలి ఫోటో చూపించాడు, జీతం ఉండదు కానీ భోజనం పెడతానన్నాడు. ఆ తర్వాత, మాటల్లో మాటగా, “మీ నాన్న జాలరి అన్నావుగా. అలాంటివాళ్ళకి ఎవరికీ తెలియని మంచి మంచి చోట్లు తెలుస్తాయి. నీకేమైనా చెప్పాడా?” అని అడిగాడు.

డింకా ఆయన కళ్ళలోకి చూసింది. ఆ అడగడంలో ఏదీ లేకపోవచ్చు. ఉత్త కుతూహలమే కావచ్చు. ఆమెకు తేడా తెలియలేదు; ఇక ఎప్పటికీ తెలియదని కూడా అనిపించింది.

“లేదండీ,” అంది. “మా నాన్న నాకేమీ చెప్పలేదు.”

ముసలాయన భుజాలెగరేసి, మూలనున్న తడి సూట్ల కుప్ప చూపించాడు. డింకా చొక్కా చేతులు పైకి మడుచుకుని బకెట్ అందుకుంది.