వంతెన మీద చెప్పిన లోటు

మా ఊళ్ళోకి రావాలంటే నది మీద వంతెన దాటాలి. క్యాంపింగ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ట్రైలర్ చక్రాలు ఆ వంతెన ఎక్కగానే మా ఆయన వెండెల్ రేడియో కట్టేసి, "ఊఁ, ఈసారి లోటేంటి?" అని అడుగుతాడు. నేనొక లోటు చెప్పాలి. ఒక్కటే చెప్పాలి, రెండోది చెబితే చెవికెక్కించుకోడు. మళ్ళీ ప్రయాణం కట్టేలోగా ఆ లోటు తీరిపోవాలి. ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే, చక్రాల మీది చిన్న ఇల్లులాంటి ఈ పాత ట్రైలర్ కొన్న మొదటి వేసవి నుంచీ మాకిదే ఆచారం.

మలుపులో ఫ్రిజ్ తలుపు తెరుచుకుని పచ్చడి సీసా నేలపాలైందన్నాను. తలుపుకి గడియ వచ్చింది. కుళాయి కింద నా పెద్ద గిన్నె పట్టడం లేదన్నాను. పొడుగు మెడ కుళాయి వచ్చింది. బల్ల మూల మోకాలికి గుచ్చుకుంటోందన్నాను. నాలుగు మూలలూ కోసి గుండ్రంగా చేసి, పసిపిల్ల బుగ్గలా నున్నగా అరగదీశాడు. "ఏరా, ఇందులో కంపెనీ వాళ్ళు చేసిందేమైనా మిగిలిందా?" అని ఎదురింటి ఆర్విల్ ఏడిపిస్తుంటాడు. ఏమీ మిగల్లేదు. నేను సణిగిన సణుగుడంతా పోగేస్తే ఆ ట్రైలర్.

నా ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని నిరుడు డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి నా లోట్లు వేరే రకంగా తయారయ్యాయి. మెట్టు ఎత్తుగా ఉందన్నాను. వెడల్పాటి మెట్టు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ అమర్చాడు. మంచం ఎక్కలేకపోతున్నానన్నాను. మంచం కాళ్ళు కోసేశాడు. ఆక్సిజన్ మిషన్‌కి రాత్రంతా కరెంటు చాలడం లేదన్నాను. పైకప్పు మీద సోలార్ పలకలు, సోఫా కింద పెద్ద బ్యాటరీ వచ్చాయి. ఇవన్నీ ఎందుకు కావలసి వస్తున్నాయో మేమిద్దరం నోరెత్తి అనుకోలేదు.

ఒక్కటి మాత్రం నేను అడగకుండానే పెట్టాడు. ట్రైలర్ వెనక కెమెరా.

ట్రైలర్‌ని వెనక్కి నడిపి చెట్ల మధ్య పెట్టడమంటే మాటలు కాదు. వెనక నిలబడి చేతులూపుతూ, అరుస్తూ దారి చూపడం ఎప్పుడూ నా ఉద్యోగమే. మేము కుడి, ఎడమ అనం. మొదటి ఏడాది "ఎడమకి!" అంటే "ఎవరి ఎడమ?" అని కొట్లాడుకుంటూ పైన్ చెట్టుని గుద్దాం. అప్పటినుంచి 'తలుపు వైపు', 'పొయ్యి వైపు' అంతే. కెమెరా వచ్చాక ఆ అరుపులతో పని లేదు. నేను నిలబడలేనని మంచి మనసుతోనే పెట్టాడు, కాదనను. కానీ నా ఉద్యోగం ఊడిపోయినట్టు నాకు ఏడుపొచ్చింది.

"ఈ వేసవికి తప్పకుండా వెళ్ళిరండి. వచ్చే వేసవి మాట ఇప్పుడెందుకు?" అంది డాక్టరమ్మ మొన్న వసంతంలో. వెండెల్ టోపీ చేతుల్లో తిప్పుతూ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

మంచు కరిగింది. చలికి పైపులు పగలకుండా పోసి ఉంచే గులాబీ రంగు మందుని కడిగేసి, "వచ్చే వారం బయల్దేరదాం" అన్నాడు. వచ్చే వారానికి కిటికీల చుట్టూ లప్పం పీకి కొత్తది పెట్టడం మొదలెట్టాడు. ఆ తర్వాత గ్యాసు గొట్టం మార్చాడు. ఆ తర్వాత బ్రేకులు విప్పాడు. మే అయిపోయింది, జూనూ అయిపోయింది. నాకు వాకిలి దాకా నడిస్తేనే ఆయాసం వస్తోంది.

"ఏరా వెండెల్, పెళ్ళికూతురి ముస్తాబు ఇంకా అవలేదా? ముహూర్తం దాటిపోతోంది!" అని అరిచాడు ఆర్విల్, రోడ్డవతల గడ్డి కోస్తూ. మామూలుగా అయితే వెండెల్ రెండు తిట్టేవాడు. ఆ రోజు తలెత్తలేదు.

నాకు ఒళ్ళు మండింది. ముసలాడికి చాదస్తం ముదిరిందనుకున్నాను. మర్నాడు వంటింటి కిటికీ లోంచి చూస్తే, ట్రైలర్ గుమ్మం దగ్గర నిలబడి తలుపు బందు స్క్రూలు విప్పుతున్నాడు. క్రితం రోజే కొత్తవి వేసి బిగించిన స్క్రూలవి. అన్నీ విప్పి, అరచేతిలో పోసుకుని కాసేపు చూసి, మళ్ళీ వాటినే వాటి కన్నాల్లోనే బిగించాడు. ఆఖరిది బిగించి, మళ్ళీ మొదటిది విప్పడం మొదలెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు. కోపం ఎటు పోయిందో తెలీదు. సింకు అంచు పట్టుకుని నిలబడిపోయాను.

ముక్కుకి గొట్టంతో, చిన్న సిలిండరు బండి ఈడ్చుకుంటూ వాకిట్లోకి వెళ్ళాను.

"అవి నిన్ననే బిగించావుగా?"

ఉలిక్కిపడ్డాడు. "వదులయ్యాయి."

"నిలబెట్టిన బండిలో ఎలా వదులవుతాయయ్యా? నాకు పాడైంది ఊపిరితిత్తులు, కళ్ళు కాదు."

"అలా మాట్లాడకు, ఆర్డిస్."

"ఎలా మాట్లాడమంటావు? నీ పని పూర్తయ్యేదాకా కూర్చుంటే నా పని పూర్తయిపోతుంది."

వెండెల్ ఆ వెడల్పాటి మెట్టు మీద కూలబడ్డాడు. స్క్రూడ్రైవర్ గడ్డిలో పడింది, తీసుకోలేదు. "ఇదయిపోతే వెళ్ళాలి. వెళ్తే తిరిగి రావాలి. ఆ వంతెన మీదకొచ్చాక నిన్నేం అడగను?" అన్నాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో మా అత్త పోయినప్పుడు తప్ప అతను ఏడవగా చూడలేదు నేను.

పక్కన కూర్చోబోతే జరిగి చోటిచ్చాడు. మెట్టు ఇద్దరికీ సరిపోయింది. "శనివారం బయల్దేరుతున్నాం. దారిలో తలుపు ఊడితే నేను పట్టుకు కూర్చుంటా" అన్నాను.

శనివారం సాయంత్రానికి ఉత్తరాన సరస్సు దగ్గర, మేము ఎప్పుడూ దిగే చోటికి చేరాం. చుట్టుపక్కల దిగినవాళ్ళంతా కుర్చీల్లో సర్దుకున్నారు. ఎవరైనా ట్రైలర్ వెనక్కి పెడుతుంటే చూడటం అక్కడ అందరికీ సరదా. మొగుడూ పెళ్ళాల గొడవ ఉచితంగా వినొచ్చు మరి. నేను ట్రక్కులోనే కూర్చుని మొహం తిప్పుకున్నాను. కెమెరా ఉందిగా, నాతో ఏం పని?

వెండెల్ టోపీ తీసి, స్టీరింగ్ పక్కనున్న కెమెరా తెర కనబడకుండా దానికి తగిలించాడు. దిగి, వెనక గడ్డిలో మడతకుర్చీ వేసి, నన్ను పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. "ఊఁ, ఉద్యోగంలో చేరు" అన్నాడు.

అరవడానికి ఊపిరి లేదు. గిన్నెలు తుడిచే గుడ్డ పట్టుకుని తలుపు వైపొకసారి, పొయ్యి వైపొకసారి ఊపాను. ఆగమని ఊపేలోగా దగ్గొచ్చింది. బంపరు వెళ్ళి చెట్టు కింది చెక్కబల్లకి టక్కున తగిలింది. కుర్చీల్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"గుడ్డివాడా! కెమెరా అయితే చెప్పేదిగా!" అన్నాను రొప్పుతూ.

"చెప్పేది, కానీ తిట్టదుగా! తిట్లు పడకపోతే నాకు బండి వెనక్కి రాదు" అన్నాడు.

అక్కడున్నన్నాళ్ళూ అన్నీ అమరినట్టే ఉన్నాయి. బ్యాటరీ రాత్రంతా నిలిచింది. మంచం నా ఎత్తుకి సరిపోయింది. ఆ సరస్సులో దొరికే వాలై చేపలు వేయించి పెట్టాడు, నాలుగు ముక్కలు తిన్నాను. నీళ్ళ దాకా మాత్రం నడవలేకపోయాను. చెట్ల సందుల్లోంచి మెరుస్తున్న నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటే, వెండెల్ వెళ్ళి బకెట్‌తో సరస్సు నీళ్ళు తెచ్చి, నా మేజోళ్ళు తీసి, పాదాలు అందులో పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అడుగున కాస్త ఇసుక కూడా ఉంది. నాకు చావాలని లేదని ఆ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని మొదటిసారి పైకే అన్నాను. వెండెల్ నా మడమ పట్టుకుని తల ఊపాడు.

తిరుగు ప్రయాణంలో రేడియో మోగుతూనే ఉంది. దారి పొడుగునా లోటు కోసం వెతికాను. నిజంగా ఏమీ కనిపించలేదు. ఆ ట్రైలర్లో నాకు ఇక తక్కువైంది ఏదీ లేదు. కానీ ఆ మాట అంటే వెండెల్ ఇంటికెళ్ళి ఆ చేతులతో ఏం చేసుకుంటాడు?

చక్రాలు వంతెన ఎక్కాయి. అతను రేడియో కట్టేశాడు. అడగలేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. వంతెన సగం దాటేశాం.

"లోటు అడగవా?" అన్నాను.

"చెప్పు."

"ఆ బల్ల మూల. మోకాలికి గుచ్చుకుంటోంది. కాస్త గుండ్రంగా చెయ్యి."

వంతెన దిగాక, "అవును, నేనూ చూశాను. బాగా మొనదేలి ఉంది. రేపే అరగదీస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయాను. కిటికీ తెరిచి ఉంచమన్నాను. ట్రైలర్ లోంచి ఉప్పుకాగితం చప్పుడు మధ్యాహ్నం దాకా వినబడుతూనే ఉంది. అక్కడ అరగదీయడానికి ఏ మూలా లేదు.