ముప్పై ఒక్క అంగుళాల నీరు

అరబక్కెట్టు నీళ్ళతో స్నానం చెయ్యమంటే చెయ్యొచ్చు. కాకపోతే ఒళ్ళు తడవడం ముఖ్యమా, సబ్బు వదలడం ముఖ్యమా అన్నది బాత్రూంలోకి వెళ్ళకముందే తేల్చుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు. నీళ్ళు కరువైన మొదటి నెలంతా నేను సబ్బుతోనే పనికి వెళ్ళాను. మధ్యాహ్నం చెమట పడితే మెడ దగ్గర నురుగొచ్చేది.

పనంటే షోరూములో. నేను అమ్మేవి బాత్రూం సామాన్లు. తలమీద వానలా కురిసే షవర్లు, ఇద్దరు కాళ్ళు చాపుకుని పడుకునే తొట్లు. ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయరు అడుగంటిందని పేపర్లో రోజూ ఫోటో వేస్తున్నా మా దగ్గరికి జనం తగ్గలేదు. నీళ్ళదేముంది, ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, ఈ డిజైను మళ్ళీ రాదు కదా అంటారు. అలాంటివాళ్ళకి షవరు చూపించేవాడు కనీసం స్నానం చేసినవాడిలా ఉండాలి. ఒకరోజు మా మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "నీ తల చూస్తే కస్టమరు బకెట్టు కొనుక్కుని పోయేలా ఉన్నాడయ్యా" అన్నాడు. మొత్తం కథ ఆ తల దగ్గర మొదలైంది.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆవిడ, మా మావగారు. నీళ్ళ పెత్తనం మావగారిది. ఆయన ఆ రిజర్వాయరు దగ్గరే ముప్పై రెండేళ్ళు గేజి చదివారు. అంటే రోజూ పొద్దున్న ఆరింటికి గట్టు మెట్లు దిగి, గోడమీద గీసిన అంకెల్లో నీళ్ళు ఏ అంకెని తాకుతున్నాయో చూసి, పై ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పడం. పెళ్ళిరోజు కూడా గేజి చూశాకే పెళ్ళికి వచ్చారట. ఆ రోజు నీటిమట్టం ఎంతో ఇప్పటికీ చెబుతారు. పెళ్ళి తారీఖు మాత్రం మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిణ్ణే అడిగేవారు. ఒక ఏడాది పై ఆఫీసరెవరో రెండడుగులు ఎక్కువ చెప్పమంటే చెప్పలేదని నాలుగేళ్ళు ప్రమోషన్ ఆపారట. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన నిటారుగా కూర్చుంటారు.

మా కుళాయి రోజు విడిచి రోజు ఒక గంట వస్తుంది. ఆ నీళ్ళతో వాడకం. అది కాక వంటింటి బాల్కనీలో రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము ఒకటుంది. అది నిల్వ. కుళాయి పూర్తిగా ఆగిపోతే తప్ప ముట్టుకోకూడదు. మావగారు దాని అడుగున బెజ్జం పెట్టి, బయటికి ఒక పారదర్శకపు గొట్టం బిగించి, పక్కన మా ఆవిడ కుట్టుపని టేపు అంటించారు. మూతకి గుడ్డ చుట్టి తాడు కట్టేశారు. రోజూ ఆరింటికి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, "ముప్పై ఒకటి" అని, క్యాలెండర్లో రాసేవారు.

నాకు కావలసింది రెండు మగ్గులు. తలకి ఒకటి, మెడకి ఒకటి. ఆయన పాలప్యాకెట్టుకి కిందికి దిగే వేళ చూసుకుని తాడు విప్పి తీసుకున్నాను. గొట్టంలో నీళ్ళు కిందికి జారాయి. పట్టుబడతానన్న భయంలో ఉన్నవాడికి వచ్చే తెలివే వేరు. బాల్కనీలో చచ్చిపోయిన పూలమొక్కల చుట్టూ పేర్చిన ఇటుకలున్నాయి. ఒకటి కడిగి డ్రమ్ములో వదిలాను. నీళ్ళు మళ్ళీ ముప్పై ఒకటికి వచ్చి నిలబడ్డాయి. మర్నాటికి గడ్డిపరక మందం తగ్గింది. ఎర్ర ఇటుక కూడా నీళ్ళు తాగుతుందని అప్పుడే తెలిసింది. రెండోసారి నుంచి ఇటుకని ముందే నానబెట్టి వేశాను. దొంగతనానికీ శుభ్రత ఉండాలి.

రోజు విడిచి రోజు. ఆ లెక్కన రెండు నెలలు. షోరూములో నా తల మిలమిలలాడింది. తొట్లు బాగా అమ్ముడుపోయాయి.

ఒక ఆదివారం మావగారు పేపర్లో ఫోటో చూపించి, గేజి ఎత్తు చెబుతుందే గాని నీళ్ళెన్నో చెప్పదని వివరించారు. రిజర్వాయరు పైకి నిండుగానే కనిపిస్తుందట, అడుగున సగం ఒండ్రు పేరుకుని ఉంటుందట. ఆయన వాళ్ళ ఆఫీసులో ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదట. మన డ్రమ్ములో కూడా ఒండ్రు ఉంటుందేమో మావయ్యగారూ అని ఊరికే అన్నట్టు అడిగాను.

"మనింట్లో ఒండ్రు ఎక్కణ్ణించి వస్తుంది అల్లుడుగారూ. అంతా మనవాళ్ళమేగా" అన్నారు.

మా క్యాలెండరు పేరు బిల్డింగంతా పాకింది. కింద ఫ్లాట్లో ఉండే రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ మెట్ల దగ్గర ఒక నల్లబల్ల పెట్టించి, ఎనిమిది ఫ్లాట్ల నిల్వలూ రోజూ రాసే పని మావగారికి అప్పగించారు. ఆయన పొద్దున్నే తలుపు తలుపుకీ వెళ్ళి అడిగేవారు. ఎవరూ నిజం చెప్పలేదు. ఎక్కువుందంటే పక్కింటివాళ్ళు అడుగుతారని ఉన్నవాళ్ళు లేదన్నారు. లేదంటే పరువు పోతుందని లేనివాళ్ళు ఉందన్నారు. బల్లమీద నమ్మదగింది మా అంకె ఒక్కటేనని హెడ్మిస్ట్రెస్ అందరిముందూ అన్నారు. నేను పైకొచ్చి బాల్కనీలో మొక్కలకేసి చూశాను. ఇటుకలు మూడే మిగిలాయి.

ఇవాళ మధ్యాహ్నం కార్పొరేషన్ వాళ్ళు మైకులో చెప్పారు. రిజర్వాయర్లో నీళ్ళు ఇప్పుడున్న పైపు అందుకోలేనంత దిగిపోయాయట. ఇంకా లోతుకి పైపు దించాలి. రేపట్నుంచి నాలుగు రోజులు కుళాయి రాదు. ట్యాంకరుకి వారం ముందు చెప్పాలి. మెట్ల దగ్గర మీటింగు పెట్టారు. రెండో అంతస్తులో పది రోజుల బాలింత ఉంది. ఆవిడ నిల్వ నల్లబల్ల మీద ఇరవై బిందెలు. నిజానికి రెండే. ఎవరిస్తారని హెడ్మిస్ట్రెస్ అడిగితే అందరూ ఒక్కసారే మెట్ల మీద ఏదో కనబడినట్టు కిందికి చూశారు.

మావగారు లేచారు. "మా డ్రమ్ములో రెండొందల లీటర్లున్నాయి. నూట యాభై ఆ అమ్మాయివి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మీ అందరిముందూ విప్పుతాను" అన్నారు.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొట్టకపోతే బాగుండదని.

వాళ్ళు మాట్లాడుకుంటుండగానే నేను పైకొచ్చి తాడు విప్పాను. ఇటుకలు తీస్తుంటే చేతికి ప్లాస్టిక్ తగిలింది. ఇసుక నింపి మూత బిగించిన రెండు లీటర్ల సీసా. ఒకటి కాదు, పదిహేను. వాటి కింద నా డంబెల్సు. కొన్న వారానికే కనబడకుండా పోతే, వ్యాయామం రాసిపెట్టి లేదని ఆనందంగా ఊరుకున్నాను. వెనక్కి చూస్తే మా ఆవిడ గుమ్మంలో ఉంది.

"నా జుట్టు సంగతి మీకేం తెలుసు. నడుం దాకా ఉంది" అంది.

"నువ్వూనా?"

"మీరు ఇటుక వెయ్యడం చూశాకే నాకు ఆలోచన వచ్చింది. లేకపోతే మా నాన్న డ్రమ్ము జోలికి నేనెందుకు వెళ్తాను."

అన్నీ పైకి తీస్తే నీళ్ళు పదిహేడు అంగుళాలు. అవైనా తెల్లగా లేవు. సన్నటి గొట్టంలో తెలియలేదు గాని, ఇటుక రంగూ, డంబెల్సు తుప్పూ కలిసి పలచటి టీలా ఉన్నాయి. పసిపిల్లకే కాదు, నాక్కూడా పనికిరావు. మెట్ల మీద మావగారి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇద్దరం అన్నీ మళ్ళీ లోపల పేర్చి తాడు కట్టాం. ముప్పై ఒకటి. వెంట్రుకవాసి తేడా లేదు. అలవాటైన చేతులు.

ఆయన వచ్చి, వేళ కాకపోయినా కళ్ళజోడు పెట్టుకుని గొట్టం చూశారు. "ముప్పై రెండేళ్ళు అంకె చెప్పాను అల్లుడుగారూ. ఆ అంకె పట్టుకుని ఒక్కడూ ఒక్క చెంబు నీళ్ళు తాగడం నా కళ్ళతో చూళ్ళేదు. రేపు చూస్తాను" అన్నారు. తర్వాత రేపటికని చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నారు.

డ్రమ్ము కారిపోయిందని చెప్పొచ్చు. బాల్కనీ నేల ఎండిపోయి ఉంది, ఆయన ముందు నేలే చూస్తారు. నిజం చెబితే నన్ను తిడతారన్న భయం లేదు. తిట్టరు. తిన్నగా కిందికెళ్ళి నల్లబల్ల మీద తను రాసిన అంకెలన్నీ కొట్టేసి, తప్పు అంకె చెప్పింది నేనేనని రాసి సంతకం పెడతారు. ఆ మనిషి అంతే.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. మీలో అల్లుళ్ళుంటారు, మావగార్లుంటారు, డ్రమ్ములున్నవాళ్ళు ఎలాగూ ఉంటారు. దణ్ణం పెడతాను, రేపు పొద్దున్న ఎనిమిదిలోగా ఒక దారి చెప్పండి. నూట యాభై లీటర్ల మంచినీళ్ళు పుట్టే చోటేదైనా ఉందా? లేకపోతే ఆయనకి ముందు నేనే చెప్పాలా, చెబితే ఆ ఇస్త్రీ చొక్కా తొడుక్కోకముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా? మా ఆవిడ కూడా మిమ్మల్ని ఒకటి అడగమంటోంది. ఇటుకల సంగతి చెబితే సీసాల సంగతి చెప్పక్కర్లేదు కదా అని.