ఫిల్మ్‌నగర్‌లో మద్రాసు ట్రాము

భిక్షం వాళ్లకు ట్రాము ఖాళీ చెయ్యమని చెప్పావా అని పొద్దున కూతురు హరిణి అడిగితే అచ్యుతరామయ్య చెప్పానన్నట్టు తలూపాడు. చెప్పలేదు. రోజూ ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కడం, ట్రాము దగ్గర నిలబడి ఆ మాటా ఈ మాటా ఆడటం, నోరు పెగలక శ్రీనగర్ కాలనీలో ఇంటికి తిరిగిరావడం, ఆయనకదే వరసైంది.

ఆ ట్రాము ఒకప్పుడు మద్రాసు మౌంట్ రోడ్డు మీద గంట కొట్టుకుంటూ తిరిగింది. యాభైల్లో ట్రాములు ఆపేశాక కోడంబాకంలో ఒక స్టూడియో వాళ్లు కొన్నారు. కొన్నాళ్లు షూటింగుల్లో కలకత్తా ట్రాముగా కనిపించి, తర్వాత అక్కడే టీ కొట్టయింది. స్టూడియో పడగొడుతుంటే ఆర్ట్ డైరెక్టర్ అచ్యుతరామయ్య మనసొప్పక దాన్ని లారీ మీద హైదరాబాద్ తెచ్చి, ఒక నిర్మాత ఖాళీ స్థలంలో నిలిపాడు. సెట్లు వేసే వడ్రంగి భిక్షం అప్పుడే పెళ్లి చేసుకుని నీడ కోసం వెతుక్కుంటున్నాడు. ఇందులోనే ఉండండి, కాపలాగానూ ఉంటుందన్నాడాయన. భిక్షం భార్య కొమురమ్మ సీట్ల కింద బియ్యం డబ్బాలు సర్దింది, కిటికీలకు పాత చీరలు కట్టింది. ఏటా వానలకు ముందు భిక్షం పుచ్చిన చెక్కలు మార్చి రంగు వేసేవాడు. మనుషులుండబట్టే అది చెదల పాలు కాకుండా నిలిచింది.

ఇప్పుడా స్థలం అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు నెలాఖరుకు చదును చేస్తారట. హరిణి పనిచేసే మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తమ కొత్త ఆవరణలో ట్రామును భద్రంగా నిలుపుతామంది. బండికైతే చోటు దొరికింది. అందులో కాపురమున్న వాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆయన గుట్ట ఎక్కేసరికి కంపెనీ మనుషులు టేపు పట్టి ట్రామును కొలుస్తున్నారు. కొమురమ్మ పొయ్యి ముందు కూర్చుని వాళ్లనే చూస్తోంది.

"మాకు చెప్పనీకి నోరు రాలేదా సార్?" అంది.

ఆయన వెంటనే గుట్ట దిగాడు. ఇంటికి వెళ్లి, వాళ్లకు చోటు దొరికేదాకా బండిని కదిలించొద్దని హరిణితో అన్నాడు. ట్రామును ఎత్తడానికి ఆదివారం వచ్చే క్రేన్ ఉత్తి చేతులతో పోతే కంపెనీ ఇక ముఖం చూడదని, తర్వాత వచ్చేది బుల్డోజరేనని ఆమె విసుక్కుంది. అది ఆయనకూ తెలుసు. రాత్రిళ్లు వీధిలో లారీ చప్పుడైతే లేచి కూర్చునేవాడు. మా పెరటి గదిలో ఉండండని భిక్షాన్ని అడిగి చూశాడు. సెట్ పనికి పిలుపులొచ్చేది సినిమా పనివాళ్లంతా ఉండే కృష్ణానగర్ నుంచేనని, అక్కడే ఉండాలని అతను ఒప్పుకోలేదు.

శనివారం భిక్షమే ఇంటికొచ్చాడు.

"కృష్ణానగర్ల ఒక రూం చూసుకున్నం సార్. రేపు బండి తీస్కపొమ్మనుండ్రి."

"నా కోసం తొందరపడకు భిక్షం."

"మీ కోసం గాదు. ఇన్నేండ్లు నేను అతుకులేసిన బండి. బుల్డోజర్ తొక్కుతుంటే చూసుడు నాతోని గాదు."

ఆదివారం క్రేన్ ఎత్తుతుంటే చెక్కలన్నీ కిర్రుమన్నాయి. ట్రైలర్ జూబ్లీహిల్స్ దారిలో నత్తలా నడిచింది. రోడ్డుకడ్డంగా వేలాడే కేబుల్ తీగల్ని వెదురుగడతో ఎత్తడానికి భిక్షం ట్రాము పైకప్పు ఎక్కాడు. వెనక కారులో హరిణి పక్కన కూర్చున్న అచ్యుతరామయ్యకు చూపు నిలవడం లేదు. బండికేమవుతుందోనని ఒక భయం, మనిషికేమవుతుందోనని ఇంకో భయం. ఒక మలుపులో గడ జారింది. తీగ సర్రున మీదికి రావడం, భిక్షం కప్పుమీద బోర్లా పడటం ఒక్కసారే జరిగాయి. కాసేపటికి అతను చెయ్యి పైకెత్తి ఊపాడు.

కంపెనీ గేటు దగ్గర కాపలావాళ్లు ట్రైలర్‌ని లోపలికి వదిలి భిక్షాన్ని ఆపారు. గుర్తింపు కార్డు లేదట. అతను లేకుండా నేనూ లోపలికి రానని అచ్యుతరామయ్య కారు దిగి నిలబడ్డాడు. హరిణి లోపలికెళ్లి పాసు రాయించుకొచ్చింది. ట్రామును దించాక భిక్షం ప్రతి కిటికీ తీసి, వేసి చూశాడు. ఒక్క చెక్కా చీలలేదు.

కంపెనీ వాళ్లు టీకి ఉండమన్నా ఉండకుండా ఆయన భిక్షంతో కలిసి కృష్ణానగర్ వెళ్లాడు. మేడమీద చిన్న గది. సామాన్లింకా మూటల్లోనే ఉన్నాయి. కొమురమ్మ చాయ్ ఇచ్చింది. ఎలా ఉందమ్మా అని అడిగాడు భయంభయంగా.

"గాలి రాదు సార్," అంది. "తలుపేస్తే చీకటే."

ఆయన చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. భిక్షాన్ని వెంటబెట్టుకుని మెట్లు దిగి, కిరాయి బోర్డు కనబడిన ప్రతి ఇంటి తలుపూ తట్టుకుంటూ గల్లీలో ముందుకు నడిచాడు.