మొదటి సగం

కుక్కర్ మూడో కూత కూసేలోగా ఇందు తన గొంతుని పదకొండు చోట్ల కోసేసింది.

వంటగట్టు మీద ఒక పక్క తరిగిన ఆనపకాయ ముక్కలు, ఒక పక్క ల్యాప్‌టాప్. తెర మీద మొగుడు నానాజీ స్మార్ట్ బోర్డు పక్కన నిలబడి కెమిస్ట్రీ పాఠం చెబుతున్నాడు. నాలుగు వాక్యాలు చెప్పి ఆగుతాడు. కళ్లు గాలిలో దేనికోసమో వెతుకుతాయి. తెర బయటినుంచి ఒక ఆడగొంతు మెల్లగా అందిస్తుంది: "న్యూట్రలైజేషన్." అతను తల ఊపి, అది తనకే తట్టినట్టు "న్యూట్రలైజేషన్" అంటాడు. ఆ ఆడగొంతుని తీసేసి, ముందూ వెనకా అతుకు తెలియకుండా కలపడం ఇందు పని. ఆ గొంతు ఆమెదే.

ఇద్దరూ పనిచేసేది అనకాపల్లి ఊరి బయట హైవే పక్కనున్న ఒకే యూనివర్సిటీలో. ఇద్దరిదీ కెమిస్ట్రీయే. అతను పర్మినెంటు, ఆమె గంటల లెక్కన పాఠం చెప్పే గెస్టు. ఎమ్మెస్సీలో ఆమెకి అతని కన్నా ఎక్కువ మార్కులు వచ్చాయని పెళ్లిలో చుట్టాలందరికీ మామగారు గొప్పగా చెప్పాడు. ఆ మాట మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అతను పీహెచ్‌డీ చేసిన నాలుగేళ్లూ ఆమె టైపు కొట్టింది, పిల్లని కంది, అత్త కాసులమ్మకి మోకాలి ఆపరేషనయితే ఆస్పత్రి చాకిరీ చేసింది. డాక్టరేటు అతనికి వచ్చింది. రావాల్సినవాడికే వచ్చిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఇందు కూడా అలాగే అనుకుంది, అందులో తన తప్పూ ఉంది.

నిరుడు యూనివర్సిటీ వాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి పాఠాన్నీ రికార్డు చేసి పోర్టల్‌లో ఎక్కించాలి. మూడో అంతస్తులో ఒక గది రికార్డింగ్ క్లాసు, పోర్టల్‌లో ఎక్కించేదీ అక్కడినుంచే. వెనక గోడకి కెమెరా, ముందు స్మార్ట్ బోర్డు, చొక్కాకి తగిలించుకునే చిన్న మైకు. నలభై పాఠాలు ఎక్కించినవాళ్లకే ప్రమోషను. నానాజీకి అక్కడ చిక్కొచ్చింది. పిల్లల ముందు అతనికి రోజు గడిచిపోయేది. నోట్సు చదివేవాడు, వెనక బెంచీ వాడిని లేపి తిట్టేవాడు, గంట కొట్టేసేవారు. కెమెరాని లేపి నిలబెట్టలేం. తిట్టలేం. అది కళ్లార్పకుండా చూస్తూ ఉంటుంది. మొదటి రోజు నాలుగు నిమిషాలు మాట్లాడి, చెమట తుడుచుకుని బయటికి వచ్చేశాడు.

మర్నాటి నుంచీ ఇందుని వెంట తీసుకెళ్లడం మొదలయింది. "సుజీ, నువ్వు కిందకెళ్లి పని చూసుకో. మేం చూసుకుంటాం" అని ఆ గది చూసే టెక్నీషియన్ని పంపేసేవాడు. బటన్ ఒక్కసారే నొక్కాలి. ఆపి మళ్లీ నొక్కితే కొత్త ఫైలు పుడుతుంది. సారు ఎన్నిసార్లు తడబడ్డాడో ఫైళ్ల నంబర్లే చాటుతాయి. అందుకని ముందే బటన్ నొక్కించేవాడు. "మైకు నువ్వు పెట్టుకుని సరిచూడు" అనేవాడు. మైకు కొంగుకి పెట్టుకుని, బోర్డు మీద రాస్తూ, బొమ్మలు గీస్తూ పాఠం మొత్తం ఆమె ఒకసారి చెప్పాలి. అతను మొదటి బెంచీలో కూచుని వింటాడు. అయ్యాక ఆమె మైకు తీసి అతని చొక్కాకి తగిలించి, కాలరు సర్ది, కెమెరాకి కనబడకుండా గోడవారకి తప్పుకుంటుంది. అప్పుడు అతను అదే పాఠం అప్పజెబుతాడు. ఫైలు నేరుగా అతని హార్డ్ డిస్కులో పడుతుంది. ఇంటికొచ్చి ఆ ఫైలుకి కాపీ తీసి, ఆమె అందులో మొదటి సగం చూడకుండానే కోసి పారేసి, రెండో సగంలో తన అందింపుల్ని ఏరేస్తుంది. "మొగుడికి సేసిన పని కూడా పనేనేటమ్మా? దానికీ అలిసిపోతారేటి?" అని కాసులమ్మ ఒకసారి ఆశ్చర్యపోయింది కూడా.

పది రోజుల కింద కెమిస్ట్రీలో ఒక పర్మినెంటు పోస్టుకి నోటీసు వచ్చింది. గెస్టులూ పెట్టుకోవచ్చు. ఇరవై రికార్డు పాఠాలు పోర్టల్‌లో ఉండాలి. గడువు ఈ శనివారం సాయంత్రం ఐదు. పోర్టల్‌లో ఇందు పేరు మీద ఒక్క పాఠం లేదు. అయిదుసార్లు రికార్డింగ్ గది తన పేరున రాయించుకుంది. అయిదుసార్లూ సుజి ఫోన్ చేసింది: "మేడం, స్లాటు మీ పేరు మీదుంది. సారొచ్చి కూసున్నారు. ఏటి సెయ్యమంటారు?" ఏం చెయ్యమంటుంది? వెళ్లి మైకు పెట్టుకునేది.

"ఇంట్లో ఒకలం పర్మినెంటు అయ్యేం కదా. నీకెందుకు ఆ తలనొప్పి?" అన్నాడు నానాజీ, నోటీసు చూపిస్తే. "గంటల లెక్కయితేనే నీకు సుఖం. ఇంటి దగ్గరుంటావు." అతను కొట్టడు, తాగడు. వీధిలో అందరూ మంచోడంటారు. మంచోడి చేతిలో నలిగినదాని మొర ఎవరు వింటారు?

ఇవాళే ఆ శనివారం. ఇరవై రెండు పాఠాల కోత అయింది. ఇరవై మూడోది నడుస్తోంది. ఆసిడ్లు, బేసుల పాఠం. పన్నెండో చోటు కోసం వెతుకుతూ ఇందు చెయ్యి ఆగిపోయింది.

తెర మీద నానాజీ చెబుతున్నాడు: "మా నాన్న బెల్లం వండేవాడు. చెరుకు రసం పెనంలో మరుగుతుంటే అందులో సున్నం వేసేవాడు. రసంలో పులుపుని సున్నం విరుస్తుంది. చిటికెడు ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది, తక్కువైతే గడ్డ కట్టదు. మా నాన్నకి పీహెచ్ మీటరు లేదు, నాలుకే మీటరు. ఆయన ఎడం చేతి మీద పెనం కాల్చిన మచ్చ ఉండేది. ఆ మచ్చే నా మొదటి కెమిస్ట్రీ పుస్తకం."

నానాజీ తండ్రి మున్సిపాలిటీలో గుమాస్తా. బెల్లాన్ని కొట్లో కాగితం పొట్లంలో తప్ప చూసినవాడు కాదు. రావికమతం దగ్గర చెరుకు వేసింది, పెనం ముందు నిలబడింది, చెయ్యి కాల్చుకుంది ఇందు తండ్రి సన్యాసిరావు. ఆరేళ్ల పిల్ల పెనం దగ్గరికి పరిగెడితే అడ్డం పెట్టిన చెయ్యి అది. ఆ మచ్చని తడుముతూ ఆమె నిద్రపోయేది. ఆయన పోయినప్పుడు స్నానం చేయిస్తుంటే ఆమె చూసింది ఆ మచ్చనే.

చూడకుండా కోసి పారేసే మొదటి సగాన్ని ఇందు మొదటిసారి వెనక్కి తిప్పి చూసింది. బోర్డు ముందు చీరకొంగు నడుముకి దోపుకుని ఒక మనిషి పాఠం చెబుతోంది. ఎక్కడా ఆగడం లేదు. నోట్సు లేదు. చేత్తో పెనమంత గుండ్రం గాలిలో గీసింది, సున్నం చల్లింది, నాలుక చివర పెట్టి రుచి చూసి మొహం ముడిచింది. "మా నాన్న" అన్నప్పుడు గొంతు ఒక్క క్షణం తడబడి నిలదొక్కుకుంది. ఈవిడెవరో బాగా చెబుతోందే అనుకుంది ఇందు. పదమూడేళ్లుగా చెబుతున్న మనిషికి తన పాఠం ఎలా ఉంటుందో ఈ పూటే తెలిసింది. ముందు బెంచీలో నానాజీ తల వెనకభాగం. మధ్యలో ఒకసారి ఆవలించాడు. ఒకసారి ఫోన్ చూసుకున్నాడు.

కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ఆమె లెక్కపెట్టలేదు. పప్పు అడుగంటింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర నానాజీ వాసన పట్టాడు. "మాడిందేటి?"

"ఇరవై మూడో పాఠంలో బెల్లం కథ చెప్పేరు" అంది ఇందు.

"బాగా వచ్చింది కదా? పిల్లలకి అలాటివే పడతాయి."

"అది మా నాన్న."

"ఎవరి నాన్నయితే ఏటి? పాఠం అర్థమవడం ముఖ్యం."

"మీ నాన్నగారి చేతికి మచ్చ లేదు."

నానాజీ నవ్వి తల్లివైపు తిరిగాడు. "అమ్మా, విన్నావా? నాన్న చేతికి మచ్చ లేదని నీ కోడలికి బెంగ."

"సచ్చినోల మీద తగువేటే తల్లీ?" అంది కాసులమ్మ, మజ్జిగ పోసుకుంటూ. "ఆయనొచ్చి నా మచ్చ నాకియ్యండని అడుగుతాడేటి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇందు నవ్వలేదు. ఇదివరకయితే నవ్వేది. నవ్వకపోతే ఇల్లు బిగుసుకుపోతుందని, తను నవ్వేస్తే పోతుందని, ఇన్నాళ్లూ ఎన్నిటికి నవ్విందో. మామగారి తద్దినానికి సెలవు పెట్టమంటే నవ్వింది. తన తండ్రి తద్దినానికి క్లాసుందిగా అంటే నవ్వింది. ఆమె నవ్వకపోవడం నానాజీ గమనించాడు. నవ్వు ఆపేశాడు.

"సాయంత్రానికి మిగిలినవి అయిపోవాలి" అన్నాడు, చెయ్యి కడుక్కుంటూ. "అయ్యేక అసలు ఫైళ్లు తీసెయ్. డిస్కులో ఒక్కటి ఉండకూడదు. ఎవడి చేతిలోనైనా పడితే నా పరువు పోద్ది."

"మొదటి సగంలో మీరు చెప్పరు కదండీ. నేనే కదా చెప్పేది."

"అందుకే తీసెయ్యమంటన్నాను."

తువ్వాలు కుర్చీ మీద పడేసి పడుకోడానికి వెళ్లిపోయాడు.

ఆ 'అందుకే' దగ్గర ఇందు చాలాసేపు నిలబడిపోయింది, ఎంగిలి కంచాలు చేతిలో పట్టుకుని. ఇన్నాళ్లూ అతనికి తెలియదనుకుంది. మగాడు, పనిలో మునిగి ఉంటాడు, గమనించడు, చెబితే అర్థం చేసుకుంటాడు అనుకుంది. అడగడం చేతకాకపోవడం తన తప్పనుకుంది. ఒక్క మాటలో తెలిసిపోయింది. అతనికి ఆమె కన్నా ముందే తెలుసు. ఎంత బాగా చెబుతుందో, ఎవరు చూస్తే ఏమవుతుందో, ఆ డిస్కులో ఏముందో అన్నీ తెలుసు. తెలిసే అయిదుసార్లు ఆమె స్లాటులో వచ్చి కూచున్నాడు. తెలియనివాడికి చెప్పుకోవచ్చు. తెలిసినవాడికి ఏం చెబుతాం?

కంచాలు సింకులో పడేసింది. కడగలేదు. ల్యాప్‌టాప్ ముందు కూచుంది. అప్పటికి రెండున్నర.

నలభై ఫైళ్లలో మధ్యలో తెగకుండా సాగిన పాఠాలు ఇరవై ఏరింది. అతన్ని నిలబెట్టడానికి ఒక్కో పాఠానికి ముప్పై కోతలు పట్టేవి. తనకి ఒక్కటి చాలింది. ఆమె మైకు తీసి అతనికి తగిలించబోయే చోట ఒక్క కోత. తన సగాన్ని తన పెన్‌డ్రైవులో పెట్టుకుంది. అతనివి ఒక్క మాట కూడా ముట్టుకోలేదు. కోసిన ఇరవై రెండు, కొయ్యని పద్దెనిమిది, అసలు ఫైళ్లతో సహా డిస్కులో ఎక్కడివక్కడే ఉంచి, ఆ డిస్కుని అతని కళ్లజోడు పక్కన పెట్టింది. లోపల అతను గురక పెడుతున్నాడు. ఆ గురక ఆగిన ప్రతిసారీ ఆమె ఊపిరీ ఆగింది.

నాలుగయింది. గుమ్మం దగ్గర కాసులమ్మ అడ్డం వచ్చింది. "టీ పెట్టే యేళకి ఎక్కడికమ్మా?"

"క్లాసుకి."

"శనివారం సాయంత్రం క్లాసేటి? ఎవులికి సెప్తావు?"

"వెళ్లొస్తాను అత్తయ్యా."

హైవే మీద అచ్యుతాపురం నుంచి షిఫ్టు దిగినవాళ్ల కంపెనీ బస్సులు వరసగా వస్తున్నాయి. ఆటో వాటి పక్కనుంచి దూరుతోంది. పెన్‌డ్రైవుని గుప్పిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే, దిగేసరికి దాని గుర్తు అరచేతిలో పడింది.

సుజి తాళం వెయ్యబోతూ ఆగింది. "ఏటి మేడం, ఇప్పుడు? మీ అప్లికేషను మీద ఆశ వదిలేసుకున్నాను."

"ఇరవై ఉన్నాయి. ఎక్కించు."

సుజి ఒకటి తెరిచి చూసింది. ఇంకొకటి తెరిచింది. ఆమె మొహం మారింది. "ఇవి సారు రికార్డింగులు తీసిన రోజులే కదా మేడం? నన్ను కిందకి పంపేసిన రోజులు."

"అవును."

"సారుకి తెలుసా?"

"తెలుస్తుంది."

సుజి కుర్చీ దగ్గరికి లాక్కుంది. పోర్టల్‌లో ఇందు పేరు కింద ఒకటి, రెండు, మూడు. అయిదుకి పావుగంట ఉండగా ఫోన్ మోగింది. ఇందు ఎత్తింది.

"ఎక్కడున్నావు? ఇంట్లో టీ లేదు, అంట్లు అలాగే ఉన్నాయి. ఫైళ్లు తీసేసేవా?"

"మీవన్నీ కళ్లజోడు పక్కనే ఉన్నాయి. ఇంకా పద్దెనిమిది కొయ్యాలి. మీరే కోసుకోండి."

"నువ్వెక్కడున్నావని అడుగుతున్నాను."

"మూడో అంతస్తులో. ఈసారి స్లాటు నాది."

నానాజీ తెలివితక్కువవాడు కాదు. "ఇందూ, తమాషాలు చెయ్యకు. నేనొస్తన్నాను" అన్నాడు. ఇంటి నుంచి అతని బైకు మీద పన్నెండు నిమిషాలు. ఇందు ఫోన్ కట్టేసింది. వెళ్లాక ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అయినా లేచి వెళ్లిపోలేదు.

పద్దెనిమిది ఎక్కాయి. పంతొమ్మిది. చివరిది బెల్లం పాఠం. సుజి చెయ్యి మౌసు మీద ఆగింది.

"మేడం, ముందు బెంచీలో సారు తల కనపడతంది. అన్నిట్లోనూ ఉంది. టైముంది, ఫ్రేము కొంచెం కోసెయ్యమంటారా?"

ఇందు తెర వైపు చూసింది. బోర్డు ముందు తను. ఎదురుగా, తల కాస్త వంచి, పాఠం వింటూ మొగుడు.

"వద్దు సుజీ, ఉండనీ" అంది. "క్లాసన్నాక ఒక్క స్టూడెంటన్నా ఉండాలి కదా."