తాళంచెవి ఎవరి దగ్గర?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు బడికి పావుగంట ముందే వచ్చి, గేటు తీయలేదని వాచ్‌మన్‌ని నలుగురిలో చెడామడా తిట్టాను. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

మొదటి పీరియడ్ ఎనిమిదో తరగతికి పాత నవల పాఠం. వానలో తడిసి వచ్చిన అనాథ పిల్లకి కోట కాపలావాడు తలుపు తీయని ఘట్టం. ఇరవై ఏళ్లుగా నేను బోర్డు మీద రాసే ప్రశ్న ఒక్కటే: "కాపలావాడి రాతిగుండెను వర్ణించండి." అందరూ గబగబా రాసేస్తున్నారు. వాచ్‌మన్ కూతురు మాత్రం పెన్ను మూసి కూర్చుంది.

"ఏమ్మా, నీకు ప్రత్యేకంగా చెప్పాలా?"

"తాళంచెవి అతని దగ్గర లేదు కదా టీచర్!"

"ఎవరు చెప్పారు?"

"మూడో అధ్యాయంలోనే ఉంది. అది యజమాని నడుముకి వేలాడుతూ ఉంటుంది. కాపలావాళ్ల దగ్గర తాళాలు ఉండవు టీచర్, తిట్లే ఉంటాయి."

పేజీలు వెనక్కి తిప్పాను. నిజంగానే ఉంది. ఇరవై ఏళ్లుగా నా కళ్లు ఆ వాక్యం మీదుగా జారిపోయాయి. ప్రశ్న చెరిపేసి, "తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?" అని రాశాను. క్లాసంతా ఒక్కసారిగా మాట్లాడింది. నేను ఆపలేదు.

గంట కొట్టగానే గేటు దగ్గరికి వెళ్లాను.

"ఈ గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందండీ?"

"హెడ్‌మాస్టరుగారి దగ్గరమ్మా. ఆయన వచ్చి ఇస్తేనే తీస్తాను."

"మరి పొద్దున చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా."